పొదుగువాపు: కంటికి కనిపించని నష్టం

(ఒక గ్రామీణ కళాశాలలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



పశువైద్యం నా వృత్తి కాదు. హిందీ నుండి తెలుగులోకి అనువాదాలు చేయడం నా పని. పాడిపశువుల పోషణకు సంబంధించిన హిందీ వ్యాసాలను తెలుగు చేసే సందర్భంలో 'థనైలా' అనే మాట నాకు పదేపదే ఎదురవుతూ వచ్చింది. హిందీలో 'థన్' అంటే చన్ను, పొదుగు. దానికి వచ్చే జబ్బు 'థనైలా'. మనం పొదుగువాపు అంటున్నాము. కన్నడిగులు 'కెచ్చలు బావు' అంటారు. కెచ్చలు అనగా పొదుగు, బావు అనగా వాపు. మలయాళంలో 'అకిడు వీక్కం' అన్నా అదే అర్థం. తమిళులు 'మడి నోయ్' అని, మరాఠీవారు 'కాసదాహ్' అని పిలుస్తారు. ఈ చివరి పేరులో వాపునకు బదులు మంట కనిపిస్తుంది.

ఇన్ని భాషలలో ఇన్ని పేర్లు ఉండడం ఈ వ్యాధి దేశమంతటా ఎంత పరిచితమైనదో తెలుపుతున్నది. అయితే ఈ పేర్లలో ఎక్కువ భాగం కంటికి కనిపించే, చేతికి తగిలే లక్షణాన్ని బట్టి ఏర్పడినవే. వాపు, మంట, నొప్పి అనేవి ఫలితాలు. వాటికి ముందు పొదుగు లోపల, కంటికి ఆనని స్థాయిలో, పాలను తయారుచేసే జీవకణాలకు హాని జరుగుతుంది. ఆ హానిని చేసేవి సూక్ష్మజీవుల నుండి పుట్టే విషపదార్థాలు. అవి ఏవి, ఎట్లా పనిచేస్తాయి, ఆ సంగతి తెలుసుకోవడం వల్ల పాలు పితికే మనిషికి కలిగే మేలు ఏమిటి అనే మూడు విషయాలను ఈనాడు మీ ముందుంచదలచాను.

ప్రపంచంలో అత్యధికంగా పాలను ఉత్పత్తి చేస్తున్న దేశం మనది. 2023-24 సంవత్సరంలో మన పాల ఉత్పత్తి దాదాపు 23 కోట్ల 93 లక్షల టన్నులు. ఇంతటి రాశి పెద్ద పెద్ద క్షేత్రాల నుండి వస్తున్నదని భావించరాదు. ఇందులో అధిక భాగం ఇంటి వెనుక కొట్టంలో రెండో మూడో పశువులను కట్టుకున్న కుటుంబాల నుండి వస్తున్నది. ఆ ఇళ్ళలో పాలు పితికేది, పేడ ఎత్తేది, కుడితి పెట్టేది చాలావరకు స్త్రీలే. అటువంటి ఇంట ఒక గేదెకు ఒక చన్ను పోయిందంటే రోజువారీ రాబడిలో కొంత భాగం శాశ్వతంగా పోయినట్లే. సంతలో మూడు చన్నుల గేదెకు ఏ పాటి ధర పలుకుతుందో పల్లెల నుండి వచ్చిన మీకు నేను చెప్పనవసరం లేదు.

ముందుగా పొదుగు నిర్మాణాన్ని గురించి కొంత తెలుసుకుందాము. ఆవుకుగాని గేదెకుగాని పొదుగు పైకి ఒకటిగా కనిపించినా, లోపల నాలుగు విడివిడి భాగాలు ఉంటాయి. ఒక భాగంలోని పాలు మరొక భాగంలోకి పోవు. ప్రతి భాగంలోను ద్రాక్షగుత్తులవలె అమరిన లెక్కలేనన్ని సన్నని తిత్తులు ఉంటాయి. ఒక్కొక్క తిత్తి లోపలి గోడ ఒకే ఒక వరుస కణాలతో ఏర్పడుతుంది. ఈ కణాలే పాలను తయారుచేస్తాయి. ఒక వైపు రక్తనాళాల నుండి ముడిసరుకును తీసుకొని, మరొక వైపు తిత్తిలోనికి పాలను వదలుతాయి. ఒక లీటరు పాలు తయారు కావాలంటే సుమారు 400 నుండి 500 లీటర్ల రక్తం పొదుగు గుండా ప్రవహించవలసి ఉంటుందని శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు.

ఈ కణాలు పక్కపక్కన ఒకదానికొకటి బిగుతుగా అతుక్కొని ఉంటాయి. ఆ అతుకుల మూలంగానే రక్తంలోని ఉప్పు పాలలోకి రాదు. పాలలోని చక్కెర రక్తంలోకి జారిపోదు. అంటే ఈ ఒంటి వరుస కణాలు పాలను తయారుచేసే కర్మాగారంగాను, పాలకు రక్తానికి మధ్య అడ్డుగోడగాను కూడా పనిచేస్తున్నాయి. ఈ రెండు పనులను జ్ఞాపకం ఉంచుకుంటే, వ్యాధి వచ్చినప్పుడు పాలు ఎందుకు తగ్గుతాయో, ఎందుకు రుచి మారుతాయో సులభంగా బోధపడుతుంది.

ఇక సూక్ష్మజీవులు లోపలికి వచ్చే దారి ఏది? చన్ను కొసన ఉండే సన్నని రంధ్రమే ప్రధానమైన దారి. దాని పొడవు సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే. చుట్టూ ఉన్న కండరం దానిని బిగించి ఉంచుతుంది. లోపలి గోడకు కెరటిన్ అనే మైనంవంటి పదార్థం పూతగా ఉండి, వచ్చిన సూక్ష్మజీవులను పట్టి ఉంచుతుంది. పాలు పితికిన తరువాత ఈ రంధ్రం వెంటనే మూసుకొనదు. అది పూర్తిగా బిగుసుకోవడానికి అరగంట మొదలు రెండు గంటల వరకు పట్టవచ్చు. ఆ వేళ పశువు పేడలో పడుకున్నదా, తలుపు తెరిచి ఉంచిన ఇంటివలె ఉంటుంది దాని పొదుగు. గేదెలలో ఈ కండరం ఆవులలో కంటె బిగుతుగా ఉండడం వాటికి ప్రకృతి ఇచ్చిన కొంత రక్షణ. అయినా అవి ఈ వ్యాధికి అతీతం కావు.

లోనికి వచ్చే సూక్ష్మజీవులను రెండు తెగలుగా చెప్పవచ్చు. ఒక తెగ పొదుగునే నివాసం చేసుకొని, పితికేవారి చేతుల ద్వారా, తుడిచే గుడ్డ ద్వారా ఒక పశువు నుండి మరొక పశువుకు ప్రాకుతుంది. స్టెఫిలోకాకస్ ఆరియస్, స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే ఈ తెగకు చెందినవి. ఆవుల పొదుగువాపు ఒకదాని నుండి ఒకదానికి అంటుకునే వ్యాధి అనీ, దానికి గొలుసుల రూపంలో పెరిగే సూక్ష్మజీవి కారణమనీ ఫ్రాన్సు దేశంలో నోకార్, మొల్లెరో అనే శాస్త్రజ్ఞులు 1887లోనే వెల్లడించారు. రెండవ తెగ పరిసరాల నుండి వస్తుంది. పేడలోను, తడినేలలోను ఉండే ఎషరీషియా కోలై ఇందులో ముఖ్యమైనది. ఈ రెండు తెగలు చేసే హాని వేరు వేరు విధాలుగా ఉంటుంది.

ఇక్కడ మాటను గురించి ఒక మాట చెప్పాలి. ఇంగ్లీషులో 'టాక్సిన్' అన్నదానిని హిందీలో 'జీవవిష్' అంటారు. జీవి నుండి పుట్టిన విషం అని అర్థం. తెలుగులో కేవలం 'విషం' అని వ్రాస్తే, ఎవరో మేతలో కలిపిన విషమని పాఠకుడు భయపడే ప్రమాదం ఉన్నది. కాబట్టి 'జీవవిషం' అన్న మాటే తెలుగులోనూ మేలని నా అభిప్రాయం. జీవవిషాలు ప్రధానంగా రెండు రకాలు. సూక్ష్మజీవి బ్రతికి ఉండగానే తయారుచేసి బయటకు వదిలేది బహిర్విషం. సూక్ష్మజీవి దేహపు పొరలో భాగమై ఉండి, అది పెరిగేటప్పుడు, ముఖ్యంగా చచ్చి చితికిపోయినప్పుడు వెలువడేది అంతర్విషం.

ఈ విభజన చరిత్రలో మన దేశానికి కూడా ఒక స్థానం ఉన్నది. 1892 ప్రాంతంలో జర్మనీలో రిచర్డ్ ఫైఫర్ కలరా సూక్ష్మజీవిపై పరిశోధన చేస్తూ అంతర్విషం అనే భావనను ప్రతిపాదించాడు. దాని ప్రభావం వల్ల కలరా వ్యాధి లక్షణాలకు కూడా అంతర్విషమే మూలమని చాలాకాలం భావించారు. 1959లో కలకత్తాలో శంభునాథ్ డే అనే వైద్యశాస్త్రజ్ఞుడు సూక్ష్మజీవులను పూర్తిగా వడపోసి తీసివేసిన ద్రవంతోనే, కుందేలు ప్రేగులో కలరా లక్షణాన్ని కలిగించి చూపాడు. కలరా సూక్ష్మజీవి బయటకు వదలే విషమే ప్రేగుకు హాని చేస్తున్నదని దానితో తేలింది. సూక్ష్మజీవి వేరు, దాని విషం వేరు. సూక్ష్మజీవి లేనిచోట కూడా విషం పని చేయగలదు. ఈ పాఠం కలరాకు ఎంత వర్తిస్తుందో పొదుగువాపునకూ అంత వర్తిస్తుంది.

మొదట స్టెఫిలోకాకస్ ఆరియస్ సంగతి చూద్దాము. ఇది వదలే బహిర్విషాలలో ప్రసిద్ధమైనది ఆల్ఫా విషం. ఇది ఒక ప్రొటీను. విడివిడి అణువులుగా పాలలోకి విడుదలై, పాలకణాల పైపొరను చేరుతుంది. అక్కడ ఏడు అణువులు ఒకదాని పక్కన ఒకటి వలయంగా కూడుకొని, పొరలోనికి దిగి, గొట్టంవంటి రంధ్రాన్ని ఏర్పరుస్తాయి. ఈ ఏడు భాగాల గొట్టం యొక్క నిర్మాణాన్ని శాస్త్రజ్ఞులు 1996లో స్ఫటికాల సహాయంతో స్పష్టంగా చూడగలిగారు. రంధ్రం పడిన కణం నుండి పొటాసియం బయటకు పోతుంది. కాల్షియం లోపలికి చొరబడుతుంది. కణానికి శక్తినిచ్చే పదార్థం కారిపోతుంది. క్రమంగా కణం మరణిస్తుంది. అడుగున చిల్లు పడిన కుండలో ఎంత పోసినా నిలువనట్లు, ఆ కణం తన లోపలి సమతుల్యాన్ని నిలుపుకోలేదు.

దీనికి తోడు బీటా విషం అనేది మరొకటి ఉన్నది. ఇది రంధ్రం చేయదు. కణపు పొరలోని స్ఫింగోమైలిన్ అనే కొవ్వు పదార్థాన్ని ముక్కలు చేస్తుంది. ఆవులు, గొర్రెలవంటి నెమరువేసే జంతువుల ఎర్ర రక్తకణాల పొరలో ఈ పదార్థం సమృద్ధిగా ఉంటుంది. పశువుల పొదుగు నుండి తీసిన స్టెఫిలోకాకస్ రకాలలో బీటా విషాన్ని తయారుచేసేవి తరచుగా కనిపిస్తాయి. ఈ విషం వల్ల బలహీనపడిన రక్తకణాలను స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే వదలే మరొక పదార్థం పూర్తిగా కరిగించివేస్తుందని 1944లో ఆస్ట్రేలియాలో కనుగొన్నారు. ఆ పరిశీలన ఆధారంగా ఏర్పడిన పరీక్ష ఈనాటికీ ప్రయోగశాలలలో ఆ సూక్ష్మజీవిని గుర్తించడానికి ఉపయోగపడుతున్నది.

మరి పశువు శరీరం చేతులు ముడుచుకొని కూర్చుంటుందా? కూర్చోదు. సూక్ష్మజీవుల జాడ తెలియగానే రక్తం నుండి తెల్లకణాలు పెద్దసంఖ్యలో పొదుగులోనికి తరలివస్తాయి. అవి సూక్ష్మజీవులను మింగి చంపే రక్షకభటులు. అయితే పశువులలో కనిపించే కొన్ని స్టెఫిలోకాకస్ రకాల వద్ద ఈ తెల్లకణాలను గురిచూసి చంపే ప్రత్యేక విషం కూడా ఉన్నది. రెండు ప్రొటీనులు జతకూడి పనిచేసే ఆ విషం ముఖ్యంగా పశుజాతి తెల్లకణాలపైనే తీవ్రంగా పనిచేస్తుంది. ఇంటివారి మీదనే కాక, కాపలాకు వచ్చినవారి మీద కూడా దెబ్బతీయడమన్నమాట. ఇంతేకాదు, ఈ సూక్ష్మజీవి పొదుగు కణాల లోపల దాగి ఉండగలదు. జిగురు పొరను కట్టుకొని దాని మాటున బ్రతకగలదు. అందువల్లనే ఈ రకపు పొదుగువాపు నెలల తరబడి అణగి ఉండి, తిరిగి తిరిగి తలెత్తుతూ ఉంటుంది.

ఎషరీషియా కోలై నడక వేరు. ఇది నెమ్మదిగా కాక ఉప్పెనలాగా వస్తుంది. అనుకూల పరిస్థితులలో ఈ సూక్ష్మజీవి 20 నిమిషాలకొకసారి రెండింతలు కాగలదు. అదే వేగం సాగితే ఒక్కటి 7 గంటలలో 20 లక్షలకు మించుతుంది. దీని ప్రధానాయుధం అంతర్విషం. అది ఆల్ఫా విషంవలె కణానికి చిల్లు పెట్టదు. పొదుగు కణాల మీదను, తెల్లకణాల మీదను ఈ పదార్థాన్ని పసికట్టే గ్రాహకాలు ఉన్నాయి. ఈ గ్రాహకాన్ని గుర్తించిన 1998 నాటి పరిశోధనకు గాను బ్రూస్ బ్యూట్లర్ 2011లో నోబెల్ బహుమతిని అందుకున్న ముగ్గురిలో ఒకడైనాడు. అంతర్విషం తగలగానే ఆ గ్రాహకం శరీరానికి అపాయ సూచన పంపుతుంది. ఆ పిలుపు మితంగా ఉన్నప్పుడు రక్షణ లభిస్తుంది. మితిమీరినప్పుడు పిలుపే ప్రమాదమవుతుంది.

అప్పుడు జరిగేది ఏమిటంటే, తెల్లకణాలు దండుగా వచ్చి సూక్ష్మజీవులను చంపడానికి వదలే తీక్షణమైన ద్రవ్యాలు పక్కనే ఉన్న పాలకణాలను కూడా కాల్చివేస్తాయి. కణాల మధ్య అతుకులు సడలిపోతాయి. రక్తనాళాల నుండి నీరు ఊరి పొదుగు బిగుస్తుంది. అంతర్విషపు ప్రభావం రక్తంలోకి ప్రాకితే పశువుకు తీవ్రమైన జ్వరం వస్తుంది, మేత మానివేస్తుంది, పాలకు బదులు పసుపుపచ్చని నీరు వస్తుంది, కొన్ని సందర్భాలలో లేవలేక పడిపోతుంది. ముఖ్యంగా ఈనిన తొలి రోజులలో, శరీరపు రక్షణశక్తి తగ్గి ఉండే కాలంలో, ఉదయం పాలిచ్చిన పశువు మరునాటికి ప్రాణాపాయ స్థితికి చేరవచ్చు. అటువంటి లక్షణాలు కనిపించినప్పుడు ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక, ఆ గంటలోనే పశువైద్యుణ్ణి పిలిపించాలి.

ఇప్పుడు పాల విషయానికి వద్దాము. పల్లెలలో అనుభవజ్ఞులైన స్త్రీలు "ఈ చన్ను పాలు ఉప్పగా ఉన్నాయి" అని చెప్పడం మీరు వినే ఉంటారు. ఆ ఒక్క మాటలో ఎంతో శాస్త్రం ఇమిడి ఉన్నది. కణాల అతుకులు వదులైనప్పుడు రక్తంలోని సోడియం, క్లోరైడు పాలలోకి వస్తాయి. పాలలోని చక్కెర అయిన లాక్టోజు రక్తంలోకి జారుతుంది. కనుక తీపి తగ్గి ఉప్పదనం తెలుస్తుంది. లవణాలు పెరిగినందువల్ల పాలు విద్యుత్తును ఎక్కువగా ప్రసరింపజేస్తాయి. ఈ గుణాన్ని ఆధారం చేసుకొని వ్యాధిని కనిపెట్టే పరికరాలు కూడా ఉన్నాయి. రక్తం నుండి వచ్చిన కొన్ని ఎంజైములు పాల ప్రొటీనును విరుస్తాయి. అందువల్ల అటువంటి పాలతో తోడుపెట్టిన పెరుగు గట్టిగా పేరుకోదు. జున్నుగడ్డ దిగుబడి తగ్గుతుంది.

అయితే అన్నిసార్లూ ఇంత స్పష్టమైన సూచనలు ఉండవు. వాపు లేకుండా, పాలలో విరుగులు లేకుండా, పశువు మామూలుగా మేస్తూ ఉండగానే లోపల కణనష్టం సాగిపోతూ ఉండవచ్చు. పైకి కనిపించే వ్యాధి కంటె ఇటువంటి గుప్తవ్యాధియే ఎక్కువ పశువులలో ఉంటుంది. రైతుకు ఎక్కువ నష్టాన్ని కలిగించేదీ ఇదే. ఆరోగ్యవంతమైన ఆవు పొదుగు నుండి వచ్చే ఒక మిల్లీలీటరు పాలలో సామాన్యంగా లక్ష లోపు కణాలుంటాయి. ఆ సంఖ్య 2 లక్షలు దాటితే ఆ భాగానికి వ్యాధి సోకినట్లు అనుమానించాలి. దీనిని కొట్టంలోనే తెలుసుకునే సులభమైన పరీక్షను 1957లో అమెరికాలోని కాలిఫోర్నియాలో రూపొందించారు. నాలుగు గుంటలు గల పళ్ళెంలో నాలుగు చన్నుల పాలను వేరువేరుగా తీసుకొని, ఒక ప్రక్షాళక ద్రవాన్ని కలిపి తిప్పుతారు. కణాలు ఎక్కువగా ఉన్న పాలు జిగురుగా, చిక్కగా మారుతాయి. కణాలు పగిలి వాటిలోని డి.ఎన్.ఎ. వెలువడడమే ఆ జిగురుకు కారణం.

కణం చనిపోయిన తరువాత దాని స్థానం ఏమవుతుంది అనే ప్రశ్న అన్నిటికంటె ముఖ్యమైనది. నష్టం స్వల్పమైతే కణాలు కోలుకుంటాయి. పశువు వట్టిపోయిన కాలంలో పాత కణాలు పోయి కొత్త కణాలు ఏర్పడతాయి. ఈనడానికి ముందు సుమారు 60 రోజులు పాలు పితకకుండా విశ్రాంతినివ్వాలని చెప్పడంలోని అంతరార్థం ఇదే. కాని నష్టం తీవ్రమై, తిత్తి గోడ కూలిపోయినచోట శరీరం నారవంటి కణజాలంతో ఆ ఖాళీని పూడ్చివేస్తుంది. గాయం మానినచోట మచ్చ మిగిలినట్లు ఇది పొదుగు లోపలి మచ్చ. చేతికి గట్టిగా గడ్డకట్టినట్లు తగులుతుంది. మచ్చ పాలివ్వదు. తరువాతి ఈతలలో కూడా ఆ భాగం పూర్వంవలె చేపుకు రాదు.

మందుల శక్తికి గల పరిమితి ఇక్కడనే తెలుస్తున్నది. సూక్ష్మజీవనాశక ఔషధాలు సూక్ష్మజీవులను చంపుతాయి. అప్పటికే విడుదలైన విషాన్ని అవి నిర్వీర్యం చేయలేవు. చనిపోయిన కణాలను తిరిగి బ్రతికించలేవు. కణాల లోపల దాగిన స్టెఫిలోకాకస్‌ను చేరడం అనేక మందులకు కష్టం. పైగా వైద్యుని సలహా లేకుండా, మోతాదు తెలియకుండా ఈ మందులను వాడడం వల్ల వాటికి లొంగని సూక్ష్మజీవులు తయారవుతున్నాయి. మందు వాడిన పశువు పాలను వైద్యుడు చెప్పిన గడువు తీరేవరకు అమ్మరాదు, త్రాగరాదు. మందుల వాడకాన్ని తగ్గించే ఉద్దేశంతో జాతీయ పాడి అభివృద్ధి మండలి కలబంద, పసుపు, సున్నం కలిపి నూరిన ముద్దను పొదుగుపై పలుమార్లు పూసే దేశీయ పద్ధతిని రైతులకు పరిచయం చేస్తున్నది. దానిని తొలిదశలో ప్రయత్నించవచ్చు. జ్వరంతో పడిపోయిన పశువు విషయంలో మాత్రం అది వైద్యునికి ప్రత్యామ్నాయం కాదు.

ఈ వ్యాధి ఒక ఇంటి కొట్టానికే పరిమితమైన వ్యవహారం కాదు. మన పాల వ్యవస్థ అంతా కలయిక మీద ఆధారపడినది. 1946లో గుజరాత్‌లోని ఖేడా జిల్లాలో త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన ఏర్పడిన పాల సహకార సంఘం, తరువాత వర్గీస్ కురియన్ కృషితో దేశానికే ఆదర్శమైనది. కేరళలో పుట్టిన ఇంజనీరు గుజరాత్ రైతులతో కలిసి పనిచేయడం, ఆ నమూనా తెలుగునాడుతో సహా అన్ని ప్రాంతాలకు వ్యాపించడం మనమెరిగిన చరిత్ర. 1970లో ఆరంభమైన క్షీరవిప్లవ పథకం పల్లెల పాలను ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు మహానగరాలకు జోడించింది. వందలాది ఇళ్ళ పాలు ఒకే తొట్టిలో కలుస్తున్నాయి. ఒక ఇంటి అశ్రద్ధ వల్ల కలిగిన దోషం కూడా ఆ తొట్టిలోనే కలుస్తుంది.

ఈ సందర్భంలో మరొక జీవవిషాన్ని పేర్కొనవలసి ఉన్నది. కొన్ని స్టెఫిలోకాకస్ రకాలు ఆహారంలో పెరిగినప్పుడు, మనుష్యులకు వాంతులు, విరేచనాలు కలిగించే విషాన్ని వదలుతాయి. పాలను కాచినప్పుడు సూక్ష్మజీవులు చస్తాయి. ఆ విషం మాత్రం వేడికి తట్టుకొని నిలుస్తుంది. 2000 సంవత్సరంలో జపాన్‌లోని ఒసాకా పరిసరాలలో 13 వేల మందికి పైగా ప్రజలు పాల పదార్థాల వల్ల అస్వస్థులైనారు. పాలపొడి తయారయ్యే చోట విద్యుత్తు నిలిచిపోయి, పాలు చాలాసేపు వెచ్చగా ఉండిపోయినప్పుడు సూక్ష్మజీవులు పెరిగి విషాన్ని వదలినవి. తరువాతి వేడి సూక్ష్మజీవులను చంపగలిగినా విషాన్ని తొలగించలేకపోయింది. కాచిన పాలకు దోషం లేదనే నమ్మకం చాలావరకు సరియైనదే. కాని శుభ్రతకు, చల్లదనానికి కాచడం బదులు కాజాలదని ఈ సంఘటన బోధిస్తున్నది.

అయితే కర్తవ్యం ఏమిటి? విషం విడుదలైన తరువాత చేయగలిగినది తక్కువ. సూక్ష్మజీవి లోపలికి రాకముందు చేయగలిగినది ఎక్కువ. 1960 దశకంలో ఇంగ్లండులోని పాడి పరిశోధకులు ఈ సూత్రాన్ని అనుసరించే అయిదు అంశాల కార్యక్రమాన్ని రూపొందించారు. పితికిన తరువాత చన్నులను క్రిమిసంహారక ద్రవంలో ముంచడం, వట్టిపోయే వేళ చికిత్స చేయడం, వ్యాధి కనబడగానే వైద్యం చేయించడం, నయంకాని పశువులను మంద నుండి తొలగించడం, పాలు పితికే యంత్రాలను సరిగా ఉంచడం అనేవి ఆ అయిదు. వీనిలో మన చిన్న కొట్టాలకు పనికివచ్చే వాటిని, మన ఆచారాలకు తగిన మరికొన్నిటిని కలిపి చెబుతాను.

పితికేముందు చేతులు సబ్బుతో కడుగుకోవాలి. పొదుగును కడిగి, పొడిగుడ్డతో తుడవాలి. తడి పొదుగు మీది నీరు చన్ను కొసకు జారి సూక్ష్మజీవులను రంధ్రం దగ్గరకు చేరుస్తుంది. ఒకే గుడ్డతో అన్ని పశువులను తుడవరాదు. మొదటి రెండు ధారలను నల్లని గుడ్డ మీద పిండి, పలుకులు, విరుగులు ఉన్నాయేమో చూడాలి. ఆ ధారలను నేల మీద పిండరాదు. పశువును బెదిరించరాదు, బెదిరిన పశువు పాలు చేపదు. చేపు వచ్చిన తరువాత దాని ప్రభావం కొద్ది నిమిషాలే ఉంటుంది కనుక ఆలస్యం చేయక పూర్తిగా పితకాలి.

బొటనవేలిని మడిచి, కణుపుతో చన్నును నొక్కి లాగే అలవాటు మన ప్రాంతాలలో విస్తారంగా ఉన్నది. దీనివల్ల చన్ను లోపలి పొర చితికి, సూక్ష్మజీవులకు పాదు దొరుకుతుంది. చన్నును గుప్పిట నిండా పట్టి, పైనుండి క్రిందికి వరుసగా వ్రేళ్ళు బిగించి పితకడం సరియైన పద్ధతి. పితికిన వెంటనే అయొడిన్ కలిసిన క్రిమిసంహారక ద్రవంలో చన్ను కొసలను ముంచాలి. ఆ తరువాత పచ్చిమేతనో దాణానో వేస్తే పశువు నిలబడి తింటూ ఉంటుంది. ఈలోగా చన్ను రంధ్రం మూసుకొంటుంది. వ్యాధి సోకిన పశువును అన్నిటి తరువాత పితకాలి. కొట్టం నేల పొడిగా ఉండాలి. వట్టిపోయే సమయంలో ఏ మందు అవసరమో పశువైద్యుడు నిర్ణయించాలి.

ఈ జాగ్రత్తలలో చాలావాటికి పెద్ద ఖర్చు లేదు. కాని ఇవి ఎందుకు చేయాలో తెలియనినాడు శ్రద్ధ నిలవదు. పితికిన తరువాత మేత వేయమని ఆజ్ఞాపిస్తే నాలుగు రోజులు వేసి మానివేస్తారు. చన్ను తలుపు అరగంట మొదలు రెండు గంటల వరకు తెరిచి ఉండవచ్చని, లోపలికి వచ్చిన సూక్ష్మజీవి కణాలకు చిల్లులు పెట్టే విషాన్ని వదలుతుందని, ఆ విషం పని చేసినచోట మచ్చ మిగులుతుందని వివరిస్తే ఆ అలవాటు నిలుస్తుంది. శాస్త్రాన్ని మాతృభాషలోకి తీసుకురావడానికి నేను చేస్తున్న కొద్దిపాటి కృషికి ఇదే కారణం.

విద్యార్థినీ విద్యార్థులారా, మీలో చాలామంది పాడి ఉన్న ఇళ్ళ నుండి వచ్చినవారు. ఆవు పొదుగును గురించి మీ తల్లులకు, నాయనమ్మలకు తెలిసినది అపారం. పాలు ఉప్పగా ఉన్నాయని వారు నాలుకతో కనిపెడతారు. ఎందుకు ఉప్పగా ఉన్నాయో మీరు జీవశాస్త్ర గ్రంథం చూచి చెప్పగలరు. ఈ రెండు జ్ఞానాలు ఒకచోట కలవాలి. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఒక నల్లని గుడ్డను తీసుకొనివెళ్ళి, నాలుగు చన్నుల మొదటి ధారలను వేరువేరుగా దానిపై పిండి చూడండి. చూచినది మీ ఊరి పశువైద్యునితో చెప్పండి. పాలకేంద్రానికి చేరే ప్రతి చెంబు పాలలోను మీ శ్రద్ధకు భాగం ఉంటుంది.